చూడని సినిమాల పాపం

నాకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండేనాటికి, బళ్ళారిలో ఆడే సినిమాల మీద నాకంటే గట్టిగా అభిప్రాయం చెప్పగలవాళ్ళు ఊళ్ళో లేరని నా నమ్మకం. అప్పటికి నేను ఒక్క సినిమా కూడా చూడలేదు.

ఇందులో నా తప్పేమీ లేదు. మాది మిషన్ కాంపౌండు. నాయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు, చర్చిలో సంఘ పెద్ద. మా సంఘంలో పాపాలకు ఒక వరస ఉండేది. సారాయి అన్నిటికంటే పైన, దాని కిందే సినిమా, పేకాట ఆ తర్వాతే. ఎవరైనా థియేటరు గేటు దాటినట్టు రుజువైతే ఆదివారం ఆరాధనలో అందరి ముందూ లేచి ఒప్పుకోవాలి. ఆ పైన మూడు నెలలు వాళ్ళను ప్రభువు బల్లకు దూరం పెడతారు. నెలకొకసారి పెద్దలు రొట్టె పళ్ళెం పట్టుకుని బెంచీ బెంచీకీ వస్తారు. ఆ పళ్ళెం చివరి బెంచీ దాకా వచ్చి, అక్కడ ఒంటరిగా కూర్చున్న సినిమా పాపి ముందు ఆగి, వెనక్కి తిరిగిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఆ చివరి బెంచీ అంటే నాకు వణుకు. అయినా సినిమా అన్న మాట వింటే ప్రాణం లేచి వచ్చేది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎట్లా సర్దుకున్నాయో ఇప్పటికీ తెలియదు.

చూడకుండా అన్ని సంగతులు ఎట్లా తెలిశాయని అడుగుతారేమో. ఆ రోజుల్లో సినిమా మనం పోకపోయినా మన ఇంటికి వచ్చేది. కొత్త బొమ్మ దిగిందంటే జట్కాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టి, డప్పులు కొట్టుకుంటూ, రంగు కాగితాలు విసురుకుంటూ పోయేవాళ్ళు. అవి గాలికి ఎగిరి కాంపౌండు గోడ దాటి మా ముంగిట్లో పడేవి. సంఘం మనుషులను ఆపగలదు గానీ గాలిని ఏం చేస్తుంది? థియేటరు మీద కట్టిన మైకులో ఆటకు ముందు పాటలు వేసేవాళ్ళు. అవి నేరుగా మా సాయంత్రం ప్రార్థనలోకి వచ్చి కూర్చునేవి. మన రేడియో వాళ్ళు సినిమా పాటలు వేసేది లేదని భీష్మించుకుంటే, సిలోను నుంచి వచ్చే పాటలు బజారులో హోటలు హోటలుకూ మోగేవి. ఒక ప్రభుత్వం తన జనానికి నచ్చిన పాటను పక్క దేశం నుంచి విననివ్వడం ఎంత తెలివితక్కువ పనో ఆ వయసులోనే నాకు తోచింది.

ఇక పాటల పుస్తకాలు. పల్చటి కాగితం మీద ముందు కథ, వెనక పాటలు అచ్చేసేవాళ్ళు. కథ మంచి పట్టుకు వచ్చేసరికి మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసేవాళ్ళు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. చూసే యోగమే ఉంటే ఈ పుస్తకం ఎందుకు కొంటాను?

ఆ మిగతా కథ నాకు ఆస్పత్రి ఆయమ్మ చెప్పేది. ఆమెది బళ్ళారి పక్కనే ఉన్న మోక ఊరు. మా సంఘం మనిషి కాదు కాబట్టి ఆమెకు ఏ బెంచీ భయమూ లేదు. ప్రతి కొత్త బొమ్మకూ నేల టికెట్టులో ముందు వరసలో కూర్చునేది. మరునాడు వార్డు వెనక వరండాలో దుప్పట్లు మడతపెడుతూ నాకు మొత్తం ఆడి చూపించేది. రాజులా నడిచేది, అంతలోనే మూర్ఛపోయే రాణి అయ్యేది, దుప్పటి భుజాన వేసుకుని దుర్మార్గుడైన మేనమామ అయ్యేది. నా తలలో హీరోలకూ అత్తలకూ దేవతలకూ అందరికీ ఆయమ్మ ముఖమే ఉండేది. ఆమె చెప్పిన కథలన్నీ బాగానే ముగిసేవి. తెలుగు సినిమాలో ఎవరూ చచ్చిపోరని నేను చాలాకాలం అనుకున్నాను.

రాజకీయం మాత్రం మా ఇంట్లో పాపం కాదు. నాయన రోజూ సాయంత్రం రీడింగు రూముకు పోయి, మద్రాసు నుంచి రైల్లో వచ్చే తెలుగు పేపరు, బెంగుళూరు నుంచి వచ్చే కన్నడ పేపరు రెండూ నమిలేసి వచ్చేవాడు. చేతులు కూడా కడుక్కోకుండానే మొదలుపెట్టేవాడు. అవి యాభైల చివరి ఏళ్ళు. మా జిల్లాను ముక్కలు చేసి కొన్ని తాలూకాలు ఆంధ్రకు, మమ్మల్ని మైసూరుకు ఇచ్చి అప్పటికి కొన్నేళ్ళు. ఆదోనిలో ఉన్న మా మేనత్త కూర్చున్న చోటు నుంచి కదలకుండానే పరాయి రాష్ట్రం మనిషైపోయింది. నాయనకు కన్నడం మీద కోపం లేదు, తెలుగంత బాగానే మాట్లాడేవాడు. తనను అడక్కుండా పంచారని కోపం. నాకు ఇంకో కోపం ఉండేది. నాయనను ఎవరూ అడగలేదని నాయన బాధపడతాడు. అమ్మను ఎవరూ అడగలేదని బాధపడేవాళ్ళు ఎవరు?

అప్పుడే మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డులో ఇద్దరు నిలబడ్డారు. ఒకాయనకు త్రాసు గుర్తు, ఒకాయనకు కోడిపుంజు. కోడిపుంజు ఆయన నిజం పుంజునే జీపు ముందు కట్టి ఊరేగించాడు. నాలుగో రోజున జీపు మా వీధికి వచ్చేసరికి పుంజు మారిపోయింది. మొదటిది ఎర్రది, ఇది నల్లది. ఎర్రది ఏమైందో ఆ సాయంత్రం వాళ్ళ ఆఫీసులో భోంచేసినవాళ్ళను అడగాలి. త్రాసు ఆయన మా ఇంటికి వచ్చి, వాకిట్లో నిలబడి నాయనతో మాట్లాడి, ఈ ఇంట్లో మూడు ఓట్లు నాకే అని చెప్పుకుని పోయాడు. తలుపు పక్కనే అమ్మ నిలబడి ఉంది, నేను నిలబడి ఉన్నాను. మా వైపు తల కూడా తిప్పలేదు.

ఆ పూట నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే మొదటిసారి కలం పట్టాను.

రీడింగు రూములో ఒక గోడపత్రిక ఉండేది. తాలూకా కచేరీలో గుమాస్తా ఒకాయన, ముత్యాల్లాంటి చేతిరాత, ప్రతి శనివారం పెద్ద అట్ట మీద అందరి రచనలూ తన చేత్తో ఎక్కించి గోడకు కొట్టేవాడు. ఎవరైనా రాసి గడప బయట ఉన్న డబ్బాలో వేయొచ్చు. నేను మిషన్ బడిలో రెండో తరగతి టీచరును, నా దగ్గర కాగితాలకు కొదవ లేదు. పైన సగం రాజకీయం, కింద సగం సినిమా రాశాను. ఆడవాళ్ళు రీడింగు రూము గడప తొక్కే ఆచారం లేదు కాబట్టి కింద ‘ఓ పౌరుడు’ అని సంతకం పెట్టి, ఆయమ్మ చేతికి ఇచ్చి డబ్బాలో వేయించాను. ఆ శనివారం అది గోడెక్కింది. అట్లా నెలకో నెలన్నరకో ఒకసారి, రెండేళ్ళ పాటు ఎక్కుతూనే ఉంది. సినిమాలను చూడకుండా రాసినట్టే, నా రాతను గోడ మీద నేను ఏనాడూ చూడలేదు.

ఏం రాశానో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళు మా ఇళ్ళలో ఆడవాళ్ళను గోడకు కొట్టిన మేకులనుకుంటున్నారని రాశాను. ఎన్నికల జీపుల్లో సినిమా పాట మోగినంతసేపే జనం ఉంటారు, ప్రసంగం మొదలవగానే వెళ్ళిపోతారు, కాబట్టి ఆ జనం పాట వెనక ఉన్న జనమే గానీ నాయకుడి వెనక ఉన్న జనం కాదని రాశాను. కింద సగంలో, పేద హీరో ఇల్లు మా ఆస్పత్రి కంటే పెద్దదిగా ఉండడం ఏం న్యాయమని నిలదీశాను. ఆ ఇంటి కొలతలు ఆయమ్మ తన బాహువులు చాపి చూపించినవి. ఏడ్చే హీరోయిన్లంటే నాకు ముందు నుంచీ గిట్టదు. మూడు గంటల బొమ్మలో రెండు గంటలు ఏడిస్తే ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడిగాను. ముగింపు మాత్రం ఎప్పుడూ రాసేదాన్ని కాదు. చూడబోయేవాళ్ళ ఆనందం పాడు చేయననే ఒక మర్యాద వాక్యంతో తప్పించుకునేదాన్ని.

నాయన ఆ గోడ ముందు నిలబడి పైసగం చదివేవాడు. కిందసగం రాగానే కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడట. ఇంటికి వచ్చి నాకూ అమ్మకూ పైసగం అప్పజెప్పేవాడు.

“ఈ పౌరుడు ఎవరో గానీ తలకాయ ఉండేవాడప్పా. నా మనసులో ఉండేదంతా రాసినాడు” అనేవాడు.

ఉండదా మరి. సగం అభిప్రాయాలు ఆయన అన్నం తింటూ చెప్పినవే. నేను వాటిని తిరగేసి, కాస్త కారం చల్లి పంపేదాన్ని. నా మాటలు ఆయన నోట వింటూ, సంతోషంలో కంచం నిండినా చారు పోస్తూనే ఉండేదాన్ని. అంత సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేక దొడ్లోకి పోయి కోళ్ళకు చెప్పేదాన్ని.

ఊళ్ళో అచ్చయ్యే ఒక వారపత్రిక ఉండేది. దాని ప్రెస్సు ఆయనకు పౌరుడి రాతలు నచ్చి, ఇక నుంచి తన పత్రికలో అచ్చు వేస్తానని గుమాస్తాకు చెప్పాడు. గుమాస్తాకు ఆయమ్మ ద్వారా నేనెవరో తెలుసు. ఆయన సంబరం ఆగలేదు. నేను రాయడం మొదలుపెట్టి రెండేళ్ళు నిండిన శనివారం, నన్ను గౌరవిస్తున్నాననుకుని ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో, మన ‘ఓ పౌరుడు’ మరెవరో కాదు, మిషన్ ఆస్పత్రి కాంపౌండరు గారి అమ్మాయి, బడి పంతులమ్మ అని రాసి గోడకు కొట్టేశాడు.

ఆ సాయంత్రం నాయన ఇంటికి వచ్చి ముందు చేతులు కడుక్కున్నాడు. అన్నం ముందు కూర్చుని నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం కంటే ముందు ఇంకేదో ఉంది. గర్వమని నేను ఇప్పటికీ పందెం కాస్తాను. కానీ మరునాటికి చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. పంతులమ్మ రాజకీయం రాసిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. సంఘ పెద్ద కూతురు బళ్ళారిలో ఆడిన ప్రతి సినిమా చూసిందట అన్నదే మాట.

బుధవారం పాస్టరుగారి గదిలో పెద్దలు కూర్చున్నారు. నలుగురు పెద్దలు, నాలుగో కుర్చీ నాయనది. ఆ ముందురోజే ప్రెస్సు ఆయన కబురు పంపాడు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారానికి మొదటి రచన కావాలి, సినిమా ముక్క తప్పకుండా ఉండాలి, అది లేకపోతే పైన రాజకీయం ఎవరు చదువుతారమ్మా అని. అచ్చులో నా రాత. బళ్ళారి దాటి తెక్కలకోటకూ, సిరుగుప్పకూ, బస్సెక్కి ఎన్ని ఊళ్ళకు పోతుందో. ఆ రెండు రోజులూ నేను నేల మీద నడవలేదు.

పాస్టరుగారు మంచి మనిషి. నన్ను ఇబ్బంది పెట్టాలని ఆయనకు లేదు.

“అమ్మా, ఎవరో చెబితే విని రాశానని ఒక్క మాట చెప్పు. నువ్వు చూడలేదంటే ఇంతటితో ముగిద్దాం” అన్నాడు.

నిజం చెప్పమంటున్నాడు. నిజం చెబితే ఏ శిక్షా లేదు. కానీ ఆ గదిలో చెప్పిన మాట ఆదివారానికల్లా బజారులో ఉంటుంది. పౌరుడు ఏ సినిమా చూడలేదట, అంతా ఆయా నోటి మాటేనట అంటారు. సినిమా చూడకుండా రాసినమ్మ రాజకీయం మాత్రం తెలిసి రాసిందా అంటారు. మా అమ్మను అడగలేదని నేను రాసిన మాట కూడా ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. ప్రెస్సు ఆయన గుమ్మం నాకు మూసుకుపోతుంది. ఇదంతా నేను ఒక్క గుక్కలో ఆలోచించాను. నాయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలను చూస్తున్నాడు.

“చూసినానయ్యగారూ” అన్నాను.

పాస్టరుగారి మొహం వాడిపోయింది. ఎన్ని అని అడిగాడు.

“రాసినవన్నీ. పద్దెనిమిది.”

ఒక పెద్దాయన దగ్గాడు. పద్దెనిమిది అంటే మా సంఘం పుట్టిన దగ్గర నుంచి ఎవరూ అందుకోని లెక్క. నాయన తల ఎత్తి నన్ను చూశాడు. నాది అబద్ధమని ఆయనకు తెలుసని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది.

ఆదివారం అందరి ముందూ లేచి నిలబడ్డాను. చేయని పాపం ఒప్పుకోవడం చేసిన పాపం ఒప్పుకోవడం కంటే కష్టమని ఎవరూ చెప్పలేదు నాకు. పద్దెనిమిది అని మళ్ళీ చెప్పాను. మూడు నెలలు అని పాస్టరుగారు చదివారు. పోయి చివరి బెంచీలో కూర్చున్నాను. నెలకొకసారి వచ్చే ప్రభువు బల్ల ఆ రోజే. ఆడవాళ్ళ వైపు పళ్ళెం పట్టుకుని వచ్చిన పెద్ద నాయనే. నా ముందు దాకా వచ్చి ఆగాడు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఏడ్చే హీరోయిన్ల మీద నేను రాసిందంతా అప్పుడు గుర్తొచ్చి పళ్ళు బిగబట్టుకున్నాను. అయినా కొంచెం ఏడ్చాను.

మరునాడు పొద్దున్నే నేను బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

“బడి నాలుగున్నరకు ఇడుస్తారు. నేను ఐదింటికి వచ్చేటప్పుడు నువ్వు రోజూ ఇంట్లోనే ఉంటావు. పద్దెనిమిది సినిమాలు ఎప్పుడు చూసినావు పాపా?”

“చూల్లేదు నాయనా. ఒక్కటి గూడా చూల్లేదు.”

అంతా చెప్పాను. పాటల పుస్తకాలు, ఆయమ్మ, ప్రెస్సు కబురు, అన్నీ. ఆయన విన్నాడు. సినిమా చూశానని ఒప్పుకున్నప్పటి కంటే చూడలేదని చెప్పినప్పుడే ఆయన మొహం ఎక్కువ నల్లబడింది. దేవుని ఇంట్లో నిలబడి అబద్ధం ఆడాను. ఆయన సంఘ పెద్ద. తెలిసి ఊరుకునే హక్కు ఆయనకు లేదు. పాస్టరుగారి దగ్గరికి పోయి ఒక్క మాట చెబితే నా శిక్ష పోతుంది, దానితో పాటే నా రాత కూడా పోతుంది. చెప్పొద్దని బతిమాలే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ వారమంతా ఆయన నాతో మాట్లాడలేదు. రీడింగు రూముకూ పోలేదు. ఇంట్లో పేపరు సంగతులు లేకుండా భోజనాలు ముగిసేవి. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరో ఒకరు ఎవర్నైనా తిట్టండి, ఈ నిశ్శబ్దం నావల్ల కాదు అంది. నేను కాగితం ముందు కూర్చుంటే ఒక్క అక్షరం పడేది కాదు.

శనివారం మధ్యాహ్నం నాయన ఆస్పత్రి నుంచి తొందరగా వచ్చాడు. ఆదివారం వేసుకునే కోటు వేసుకున్నాడు. పద అన్నాడు. పాస్టరుగారి ఇంటికే అనుకుని నేను చెప్పులు వేసుకున్నాను. కాంపౌండు గేటు దాటాక చర్చి వైపు తిరగాల్సిన చోట ఆయన బజారు వైపు తిరిగాడు. కొంత దూరం వెనకే నడిచి, ఇక ఉండలేక ఎక్కడికని అడిగాను. ఆయన ఆగాడు.

“సంఘం ముందర లేని పాపం ఒప్పుకుంటివి. ఆ అబద్ధం అట్లే ఉండకూడదు. శిక్ష పడనే పడె. తప్పు మాత్రమే ఇంగా చేయలేదు. పద, చేసొద్దాం.”

ఆయన అప్పటికే నడుస్తున్నాడు. మ్యాట్నీ ఆటకు పాటలు మోగుతున్నాయి. నేను రాసిన బొమ్మల్లో ఒకటి రెండోసారి ఊరికి వచ్చింది. నాయనకు టికెట్లు ఎక్కడ ఇస్తారో తెలియదు. గేటు దగ్గర మనిషిని, మందు చీటీ చూసి రోగిని అడిగినంత గంభీరంగా అడిగాడు. ఆ మనిషి ఆయన చేత ఎప్పుడో సూది వేయించుకున్నవాడే. కాంపౌండరప్పా, మీరా ఈడ అని నోరు తెరిచాడు. నాయన అవునన్నాడు. తల దించుకోలేదు, తొందరపడలేదు. వీధి వీధంతా మమ్మల్నే చూస్తోంది.

లోపల చీకటి, బీడీ వాసన, సోడా సీసాల చప్పుడు. తెర మీద మొదట వార్తా చిత్రం వేశారు. ప్రధానమంత్రి ఏదో ఆనకట్ట మీద నడుస్తున్నాడు. అన్నేళ్ళు పేపర్లో చదివిన మనిషి కదిలి, నవ్వి, టోపీ సర్దుకుంటుంటే నాయన కుర్చీ అంచుకు వచ్చేశాడు. ఇది వార్త, సినిమా కాదు అని నా చెవిలో చెప్పాడు. అది అయిపోయి బొమ్మ పేర్లు పడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తోడు వచ్చాడంతే, తాను చూడడు. నేను మాత్రం కళ్ళు ఆర్పలేదు. ఇంత వెలుగా? ఇంత పెద్ద ముఖమా? ఆమె కంట్లో నీళ్ళు నా అరచేతి కంటే పెద్దవి. నేను ఎగతాళి చేసిన హీరోయినే ఆమె. ఆమెకు ఆయమ్మ ముఖం లేదు, ఆమె ముఖమే ఉంది. ఆమె ఏడుస్తుంటే వంట సంగతి నాకు గుర్తుకు రాలేదు. తెలియక రాశాను, క్షమించు అని ఆ చీకట్లో ఆమెకు చెప్పుకున్నాను.

సగం ఆట దాటాక హీరోయిన్‌కు జ్వరం వచ్చి డాక్టరు వచ్చాడు. డాక్టరు సూది తీసిన చప్పుడుకో ఏమో నాయన కళ్ళు తెరిచాడు.

“ఏంది, సూది అట్లనా వేసేది? స్పిరిట్ యాడ? గాలి గూడా తీయలేదు. ఆ పాప బతకదు” అని గట్టిగానే అన్నాడు.

ముందు నుంచి ఎవరో నోరు మూసుకోమన్నట్టు, సుమ్నె కూకో అప్పా అని కన్నడంలో కసిరారు. నాయన వినిపించుకోలేదు. ఆ తర్వాత ఆయన కళ్ళు మళ్ళీ మూసుకోలేదు. మామగారు అబద్ధపు పత్రం తెస్తే పళ్ళు కొరికాడు, తమ్ముడు తిరిగి వస్తే తొడ మీద చరుచుకున్నాడు. చివర్లో హీరోయిన్ చచ్చిపోయింది. ఆయమ్మ నాకు చెప్పిన కథలో ఆమె లేచి కూర్చుని, గంజి తాగి, నూరేళ్ళు బతికింది. నేను బిత్తరపోయి చూస్తుంటే నాయన కోటు అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, చెప్తి గదా, సూది వేయడం రాదు వానికి అన్నాడు.

బయట గేటు దగ్గర ఆయమ్మ ఎదురైంది. ఆ బొమ్మ ఆమెకు అది ఎన్నోసారో. నాయనను చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. హీరోయిన్ బతికిందని ఎందుకు చెప్పావని నేను నిలదీశాను. ఆమె కొంగు తీసింది.

“వార్డులో రోజూ సావులు చూస్తాండా గదా పాపా. నా చేతిలో ఉండేవాళ్ళను గూడా సాగనంపాల్నా? అందుకే బతికిస్తి” అంది.

ఇంటి దాకా నాయనా నేనూ ఆ బొమ్మ గురించే వాదించుకుంటూ వచ్చాం. పేద హీరో ఇల్లు ఆస్పత్రి కంటే పెద్దదన్న నా మాట ఒప్పుకున్నాడు. హీరోయిన్ గురించి నేను రాసింది అన్యాయం అన్నాడు. అది చదవలేదు గదా, మీకెట్లా తెలుసు అని అడిగాను. కిందసగం కూడా ఎప్పుడూ చదివేవాడినే అని ఒప్పుకున్నాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నది చదివాకేనట.

మరునాడు ఆరాధనలో పాటలు అయిపోగానే నాయన తన కుర్చీలో నుంచి లేచాడు. ఎవరూ ఆయనను అడగలేదు. నిన్న మ్యాట్నీకి పోయానని చెప్పాడు. పాస్టరుగారు తొందరగా అందుకుని, ఆడపిల్లకు తోడుగా వెళ్ళి ఉంటారు అన్నారు. ఆ మాట పట్టుకుంటే చాలు, ఆయన కుర్చీ ఆయనకు ఉంటుంది.

“తోడుగానే పోతిని అయ్యగారూ. కానీ చూసినా. బాగుండాది” అన్నాడు నాయన.

ఆయన పెద్దల వరసను వదిలి, నడిమి దారి వెంట మెల్లగా నడుచుకుంటూ వచ్చి, మగవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో నేను. మా మధ్య ఆ సన్నటి దారి ఒక్కటే. ఆయన నా కోసం ఏం వదులుకున్నాడో నాకు తెలుసు. ఆయన వైపు చూడలేక ఒళ్ళో ఉన్న కీర్తనల పుస్తకం చూస్తూ కూర్చున్నాను. అందరూ ప్రార్థనకు తలలు వంచారు. నాయన దారి మీదుగా నా వైపు వంగాడు.

“రేపు ప్రెస్సుకు ఇచ్చేది నాకు ముందు చూపించు. ఆ సూది సంగతి రాయి” అన్నాడు. మళ్ళీ తల వంచి కళ్ళు మూసుకుని, మెల్లగా అన్నాడు. “ఇంగా పదిహేడు ఉండాయి.”